ఫ్లోచార్ట్ గీయడం ఎలా? డబ్బాలు తేలికే, చిక్కంతా డైమండ్ దగ్గరే

ఫ్లోచార్ట్ అంటే ఒక పని ఎలా సాగుతుందో డబ్బాలతో, బాణాలతో చూపించే బొమ్మ. అది గీయమనగానే చాలామంది ముందు కంప్యూటర్ ఆన్ చేస్తారు. సాఫ్ట్‌వేర్ తెరిచి, పక్కన వరసగా ఉన్న ఆకారాల్లోంచి నచ్చినవి లాగి తెర మీద పడేస్తారు. కాసేపట్లో తెర నిండిపోతుంది. నీలం డబ్బాలు, పచ్చ డబ్బాలు, అటూ ఇటూ బాణాలు, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ వేలు పెట్టి చదవబోతే రెండో డైమండ్ (ప్రశ్న రాసే నాలుగు మొనల డబ్బా) దగ్గరే ఆగిపోతాం. "కాదు" అని జవాబొస్తే ఎటు పోవాలో అందులో ఉండదు. గీసినవాళ్లను అడిగితే "అది అర్థమైపోతుంది కదండీ" అంటారు. అర్థం కాదండి. అర్థమైపోయేదైతే అసలు బొమ్మే అక్కర్లేదు.

ఇలాంటివి సరిచేయమని నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. వాటిలో డబ్బాలు తప్పుగా ఉండడం అరుదు. తప్పు ఎప్పుడూ ప్రశ్న అడిగే డైమండ్‌లోనో, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగే బాణంలోనో ఉంటుంది. కాబట్టి మిగతా మెట్లన్నీ గబగబా దాటేసి, ఆ డైమండ్ దగ్గర తీరిగ్గా కూర్చుందాం.

కావాల్సినవి

తెల్ల కాగితాలు, పెన్సిల్, రబ్బరు. గళ్ల కాగితమైతే ఇంకా మంచిది. స్కేలు వద్దు. స్కేలు పెట్టి నీటుగా గీసిన గీతను, అది తప్పని తెలిసినా, చెరపబుద్ధి కాదు. రంగు పెన్నులు కూడా పక్కన పెట్టేయండి. సాఫ్ట్‌వేర్ సంగతి చివర్లో చూద్దాం.

ఆకారాలు ఐదు చాలు. మొదలుకీ ముగింపుకీ రెండు చివరలూ గుండ్రంగా ఉండే పొడుగు డబ్బా. చేసే పనికి దీర్ఘచతురస్రం. బయట నుంచి ఏదైనా తీసుకున్నా, బయటికి ఏదైనా చూపించినా ఏటవాలుగా ఉండే సమాంతర చతుర్భుజం. ప్రశ్నకు డైమండ్. గీత తెగి ఇంకోచోట కలవాల్సి వస్తే చిన్న వృత్తం. వీటిని కలిపేవి బాణాలు. ఈ గుర్తుల కోసం 1985లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 5807లో ఇంకా చాలా గుర్తులున్నాయి. డాక్యుమెంట్‌కి ఒకటి, చేత్తో ఎక్కించే సమాచారానికి ఒకటి, నిల్వ ఉంచిన డేటాకి ఒకటి. మొదట్లో అవేవీ అక్కర్లేదు. పనికీ ప్రశ్నకీ తేడా చూపించలేని చార్టులో డాక్యుమెంట్ గుర్తు సరిగ్గా పెట్టి ప్రయోజనం ఏముంది?

మొదటి మెట్టు: ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు

కాగితం పైన రెండే వాక్యాలు రాయండి. ఈ పని ఎప్పుడు మొదలవుతుంది? ఏం జరిగితే అయిపోయినట్టు? మనం ఈ వ్యాసం పొడుగునా వాడుకునే ఉదాహరణ లాగిన్. మనిషి లాగిన్ పేజీ తెరిచినప్పుడు మొదలు. లోపలికి వెళ్లినా, మూడుసార్లు పాస్‌వర్డ్ తప్పు కొట్టి ఖాతా లాక్ అయినా అయిపోయినట్టే.

అంటే ఆఖర్లు రెండు. ఇక్కడ పాఠాలు చెప్పేవాళ్లు కొందరు ఒప్పుకోరు. ఫ్లోచార్ట్‌కి ముగింపు ఒక్కటే ఉండాలి, అన్ని దారులూ అందులోకే రావాలి అంటారు. ప్రోగ్రామ్ రాయడానికి గీసే బొమ్మలో దానికో కారణం ఉంది, కాదనను. మనుషులు చదివే బొమ్మలో మాత్రం ఎన్ని ఫలితాలుంటే అన్ని ముగింపులు పెట్టాలి, ఒక్కోదాని మీద పేరు రాయాలి. "ముగింపు: లోపలికి వెళ్లారు", "ముగింపు: ఖాతా లాక్". ఉత్త "ముగింపు" అని రాస్తే చదివేవాడికి తను గెలిచాడో ఓడాడో తెలియదు.

రెండో మెట్టు: తిన్నని దారి

ఇప్పుడు అన్నీ సవ్యంగా జరిగితే ఏమవుతుందో అది మాత్రమే పై నుంచి కిందికి ఒకే వరసలో గీయండి. ప్రశ్నలు లేవు, తప్పులు లేవు, పక్క దారులు లేవు. లాగిన్‌కి ఇంతే: మొదలు, పాస్‌వర్డ్ తీసుకో, హోమ్ పేజీ చూపించు, ముగింపు.

డబ్బాలో రాసేది ఆజ్ఞలా ఉండాలి. "పాస్‌వర్డ్ తీసుకో". "పాస్‌వర్డ్ తీసుకోబడుతుంది" అని రాయకండి. ఎవరు తీసుకుంటున్నారో అందులో మాయమైపోతుంది, పైగా డబ్బా చాలక అక్షరాలు చిన్నవి చేయాల్సి వస్తుంది. ఒక డబ్బాలో ఒకే పని ఉండాలి. మధ్యలో "మరియు" కనిపిస్తే దాన్ని రెండుగా కోసేయండి. నాలుగైదు మాటలు దాటితే తగ్గించండి.

పనుల సైజు కూడా ఒక్కలాగే ఉండాలి. ఒక డబ్బాలో "కొత్త ఉద్యోగిని చేర్చుకో" అని, దాని కిందే "ఎంటర్ కీ నొక్కు" అని ఉంటే రెండూ ఒకే బొమ్మలో ఇమడవు. పెద్ద పని లోపలి సంగతులు వేరే కాగితం మీద గీసి, ఇక్కడ రెండు పక్కలా జంట గీతలున్న దీర్ఘచతురస్రంలో దాని పేరు మాత్రం రాయండి. ఆ గుర్తుకి అర్థమే అది, వివరాలు వేరేచోట ఉన్నాయని.

తిన్నని దారితో మొదలుపెట్టడం నా సొంత పద్ధతేం కాదు గానీ, ఇది కాకుండా వేరే పద్ధతిలో బాగా వచ్చిన చార్ట్‌ని నేను చూసింది తక్కువ. కొందరు ముందే ప్రశ్నలన్నీ జాబితా రాసుకుని, వాటి చుట్టూ డబ్బాలు పేరుస్తారు. అలా గీస్తే ప్రతి మినహాయింపూ అసలు పనంత పెద్దగా కనిపిస్తుంది. నూటికోసారి జరిగేదీ రోజూ జరిగేదీ ఒకే వరసలో నిలబడతాయి. ఫ్లోచార్ట్ కంప్యూటర్ వాళ్ల సొత్తని చాలామంది అనుకుంటారు గానీ, పని పద్ధతులను అధ్యయనం చేసిన ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు ప్రాసెస్ చార్టుల గురించి అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు చెప్పింది 1921లో. మనం కంప్యూటర్ అని పిలుచుకునే యంత్రాలు అప్పటికి లేవు. పని మొదటి నుంచి చివరిదాకా కళ్ల ముందు పరుచుకుని, ఎక్కడ వృథా అవుతోందో చూడడం వాళ్ల ఉద్దేశం. ప్రోగ్రాములు ప్లాన్ చేసుకోవడానికి ఫ్లో డయాగ్రమ్‌లు ఎలా వాడాలో గణిత శాస్త్రవేత్తలు గోల్డ్‌స్టైన్, వాన్ నాయ్‌మన్ తమ నివేదికలో వివరించింది ఆ తర్వాత ఎప్పుడో, 1947లో. పని మొత్తం పారడం ఒక్క చూపులో కనిపించాలన్నదే ఈ బొమ్మకు మూలం. అది కనిపించాక ప్రశ్నలు తగిలించుకోవచ్చు.

మూడో మెట్టు: డైమండ్

ఇక్కడ తొందరపడకండి. ఒక్కో డైమండ్‌కీ కింద చెప్పేవన్నీ సరిచూసుకున్నాకే తర్వాతి దానికి వెళ్లండి.

డైమండ్‌లో ఉండాల్సింది ప్రశ్న, పని కాదు. "పాస్‌వర్డ్ సరిచూడు" అని డైమండ్‌లో రాసి, దాన్నుంచి అవును, కాదు అని రెండు బాణాలు తీసేవాళ్లు కోకొల్లలు. "సరిచూడు" అన్నదానికి "కాదు" అని జవాబేంటి? సరిచూడలేదనా, చూస్తే తప్పని తేలిందనా? ఆఫీసు చార్టుల్లో ఇదే తప్పు ఇంకో వేషంలో వస్తుంది. డైమండ్‌లో "అధికారి పరిశీలన" అని ఉంటుంది. పరిశీలన పని. దానికి పైన ఒక దీర్ఘచతురస్రం పెట్టండి. డైమండ్‌లో "అధికారి ఆమోదించారా?" అని రాయండి. ప్రశ్నార్థకం తప్పనిసరిగా పెట్టండి. అది పెట్టినప్పుడు వాక్యం చెవికి ఎబ్బెట్టుగా ఉంటే అక్కడున్నది ప్రశ్న కాదన్నమాట.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి కావాల్సిన సమాచారం అప్పటికే చేతిలో ఉండాలి. "పాస్‌వర్డ్ సరైందేనా?" అని అడిగే డైమండ్ పైన "పాస్‌వర్డ్ తీసుకో" అన్న డబ్బా లేకపోతే అది గాల్లో అడిగిన ప్రశ్న. హాస్యంగా అనిపిస్తుంది గానీ, చార్ట్ పెద్దదయ్యేకొద్దీ ఈ తప్పే ఎక్కువ. ప్రతి డైమండ్ దగ్గరా ఆగి "ఇది నాకెలా తెలిసింది?" అనుకుని పైకి చూడండి. జవాబు పై డబ్బాల్లో కనిపించాలి.

ప్రశ్న ఎవరు చదివినా ఒకే జవాబు రావాలి. "అంతా సరిగ్గా ఉందా?" అన్నది ప్రశ్న కాదు, ఇద్దరికి చూపిస్తే రెండు జవాబులొస్తాయి. "దరఖాస్తు మీద సంతకం ఉందా?" అంటే గొడవ లేదు, కాగితం చూస్తే తెలిసిపోతుంది. అంకెలున్నచోట ఇంకా జాగ్రత్త. "వయసు 18 దాటిందా?" అని రాశారనుకోండి. సరిగ్గా 18 ఉన్నవాడు ఎటు వెళ్లాలి? ఒకరు దాటినట్టే అంటారు, ఇంకొకరు 19 రావాలంటారు. "వయసు 18 లేదా అంతకన్నా ఎక్కువా?" అని రాస్తే ఆ తగాదా ఉండదు. మాట కాస్త పొడుగైంది, కానివ్వండి. మిగతా డబ్బాల్లో మాటలు పొదుపు చేయమన్నది ఇక్కడ ఖర్చు పెట్టడానికే.

ఒక డైమండ్‌లో ఒకే ప్రశ్న. "ఫోటో, సంతకం రెండూ ఉన్నాయా?" అని కలిపి అడిగితే "లేదు" అన్న జవాబులో ఏది లేదో తెలియదు. దరఖాస్తు వెనక్కి పంపేటప్పుడు ఏది లేదో చెప్పాలి కదా? రెండు డైమండ్లు పెట్టండి. ఏది లేకపోయినా ఒకటే పని చేస్తాం, ఏది లేదో ఎవరికీ చెప్పనక్కర్లేదు అనుకున్నప్పుడే కలిపి అడగొచ్చు.

వ్యతిరేకార్థంలో ప్రశ్న వేయకండి. "ఫారం రాలేదా?" అని డైమండ్‌లో ఉంది. "అవును" అంటే ఏంటి? మనలో చాలామంది "అవును, రాలేదు" అనే అంటారు. ప్రశ్నని అలా చదవనివాళ్లు "అవును, వచ్చింది" అనుకుంటారు. బాణాలు తారుమారైపోతాయి. "ఫారం వచ్చిందా?" అని అడిగి, బాణాల మీద "వచ్చింది", "రాలేదు" అని రాయండి. అన్నిచోట్లా అవును, కాదు అనే రాయాలని నియమమేం లేదు. "ఉందా?" అంటే ఉంది, లేదు. "అయ్యాయా?" అంటే అయ్యాయి, కాలేదు. ప్రశ్న ఎలా అడిగారో జవాబు అలాగే ఉంటే చదివేవాడు ఒక్క క్షణం కూడా ఆగడు.

జవాబులు ఎన్నో బయటికి వచ్చే బాణాలు అన్ని. రెండు సంఖ్యల్ని పోలిస్తే చిన్నది, సమానం, పెద్దది అని మూడు జవాబులు, కాబట్టి మూడు బాణాలు. "సమానం" మర్చిపోతారు, ఎప్పుడూ అదే మర్చిపోతారు. నాలుగైదు దారులు కావాల్సి వస్తే ఆ భాగం పట్టికగా రాసి, చార్ట్‌లో దాని పేరు పెట్టేయండి. ప్రతి బాణం మీదా జవాబు రాయాలి, అది కూడా డైమండ్ మొన దగ్గరే రాయాలి. గీత మధ్యలో రాస్తే, పక్కనుంచి ఇంకో గీత వెళ్లినప్పుడు ఆ మాట ఏ గీతదో తెలియదు. "అవును" రాశాం, రెండోది ఎలాగూ "కాదు" కదా అని ఖాళీగా వదిలేయకండి.

పని ముందుకు సాగించే జవాబు ఎప్పుడూ కిందికి, అడ్డం తగిలే జవాబు ఎప్పుడూ కుడికి. ఇది నియమం. ఒక డైమండ్‌లో అవును కిందికి, ఇంకోదాంట్లో అవును కుడికి వెళ్తుంటే కన్ను అలసిపోతుంది. ప్రశ్నను తిప్పి అడిగితే ఈ నియమం దాదాపు ఎప్పుడూ కుదురుతుంది.

డైమండ్ల వరస

ఒకటి కన్నా ఎక్కువ ప్రశ్నలున్నప్పుడు ఏది ముందు అన్నదాన్ని బట్టి జవాబే మారిపోవచ్చు. లీపు సంవత్సరం లెక్క తీసుకోండి. 1582లో వచ్చిన గ్రెగోరియన్ క్యాలెండర్ ప్రకారం, 4తో నిశ్శేషంగా భాగమయ్యేది లీపు సంవత్సరం. అయితే 100తో కూడా భాగమైతే కాదు. అది 400తోనూ భాగమైతే మళ్లీ లీపే.

కొత్తగా గీసేవాళ్లు ఏం చేస్తారంటే, "4తో భాగమవుతుందా?" అని అడిగి, అవును అనగానే "లీపు సంవత్సరం" అన్న ముగింపుకి బాణం వేసేస్తారు. 100, 400 ప్రశ్నలు "కాదు" వైపు తగిలిస్తారు. 4తో భాగం కానిది 100తో ఎలా అవుతుంది? ఆ రెండు డైమండ్లూ ఊరికే నిలబడి ఉంటాయి, ఒక్క సంవత్సరం కూడా వాటి "అవును" దారిలో నడవదు.

సరైన వరస ఇది. "4తో భాగమవుతుందా?" కాదంటే మామూలు సంవత్సరం. అవునంటే "100తో భాగమవుతుందా?" కాదంటే లీపు. అవునంటే "400తో భాగమవుతుందా?" అవునంటే లీపు, కాదంటే మామూలు. 400తో మొదలుపెట్టి, తర్వాత 100, ఆఖరున 4 అని అడిగినా జవాబులు సరిగ్గానే వస్తాయి. కానీ 4తో మొదలుపెడితే నాలుగింట మూడు సంవత్సరాలు మొదటి ప్రశ్నలోనే తేలిపోతాయి. ఎక్కువమందిని ముందే ఇంటికి పంపించే ప్రశ్న పైన ఉండాలి.

వెనక్కి తిరిగే బాణం

చార్టులు కుప్పకూలేది ఇక్కడే. ఏదైనా మళ్లీ చేయాల్సి వస్తే బాణం పైకి తిరుగుతుంది. అందరూ "పైకి ఎక్కడో ఒకచోట" కలిపేస్తారు. ఏ డబ్బా నెత్తిన కలుపుతున్నామన్నదే అసలు సంగతి.

మన లాగిన్‌కి తిరిగొద్దాం. మూడు అవకాశాలివ్వాలి. తప్పులు లెక్కపెట్టడానికి ఒక డబ్బా కావాలి. చార్ట్ ఇలా ఉంటుంది:

మొదలు
↓
లెక్క = 0 అని పెట్టు
↓
పాస్‌వర్డ్ తీసుకో
↓
పాస్‌వర్డ్ సరైందేనా? (అవును అయితే హోమ్ పేజీ చూపించు, ముగింపు)
↓ కాదు
లెక్కకు 1 కలుపు
↓
లెక్క 3 అయిందా? (అయింది అంటే ఖాతా లాక్ చెయ్యి, ముగింపు)
↓ కాలేదు
తిరిగి "పాస్‌వర్డ్ తీసుకో" దగ్గరికి

ఇక్కడ వరసగా రాయడం కోసం రెండు "కాదు" దారులూ కిందికే వచ్చాయి. కాగితం మీద గీసేటప్పుడు "అవును" కిందికి, "కాదు" కుడికి పోతుంది, "లెక్కకు 1 కలుపు" కుడివైపు ఉంటుంది.

ఇప్పుడు ఆ ఆఖరి బాణం ఒక డబ్బా పైకి జరిగి "లెక్క = 0" నెత్తిన పడిందనుకోండి. ప్రతి తప్పు తర్వాతా లెక్క మళ్లీ సున్నా అవుతుంది. 3 ఎప్పటికీ రాదు. ఎన్నిసార్లు తప్పు కొట్టినా ఖాతా లాక్ కాదు. చార్ట్ చూడ్డానికి ఏ లోపమూ ఉండదు, బాణం కూడా నీటుగా ఉంటుంది.

అదే బాణం ఒక మెట్టు కిందికి జారి "పాస్‌వర్డ్ సరైందేనా?" అన్న డైమండ్ మీద పడితే? కొత్త పాస్‌వర్డ్ అడగరు. పాత తప్పు పాస్‌వర్డ్‌నే మళ్లీ చూస్తారు. తప్పే. లెక్క 2. మళ్లీ చూస్తారు, తప్పే. లెక్క 3. లాక్. పాపం ఆ మనిషి ఒక్కసారి తప్పు కొట్టాడంతే.

ఇంకోటి. "లెక్కకు 1 కలుపు" అన్న డబ్బానూ "లెక్క 3 అయిందా?" అన్న డైమండ్‌నూ తారుమారు చేసి చూడండి. మొదటి తప్పు అప్పుడు అడిగితే లెక్క 0, తర్వాత 1 అవుతుంది. రెండో తప్పుకి అడిగితే 1, మూడో తప్పుకి 2. నాలుగో తప్పు జరిగినప్పుడు గానీ డైమండ్ దగ్గర 3 కనిపించదు. మూడు అవకాశాలన్నాం, నాలుగిచ్చాం. "3 అయిందా?" బదులు "3 దాటిందా?" అని రాసినా అంతే, ఇంకో అవకాశం ఉచితం.

అందుకని వెనక్కి బాణం గీసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. మళ్లీ చేయాల్సిన పనుల్లో మొట్టమొదటిది ఏది? బాణం సరిగ్గా దాని నెత్తినే పడాలి. ఒక్కసారి మాత్రమే చేయాల్సినవి, అంటే లెక్క సున్నా పెట్టడం లాంటివి, ఆ చుట్టుకు (మళ్లీ మళ్లీ తిరిగే భాగానికి) బయటే ఉన్నాయా? చుట్టు తిరిగిన ప్రతిసారీ ఏదో ఒకటి మారుతోందా? ఏదీ మారకపోతే డైమండ్‌లో జవాబూ మారదు, ఆ చుట్టులోంచి బయటపడే దారి లేదు. ఈ మూడింట్లో ఒక్కదానికి జవాబు తడుముకోవాల్సి వచ్చినా బాణం గీయకండి.

వెనక్కి పోయే బాణాలు ఎప్పుడూ ఎడమవైపు నుంచే పైకి వెళ్లాలి. కుడివైపు "కాదు" దారులకు. ఎడమ మార్జిన్ చూస్తే ఎన్ని చుట్లున్నాయో తెలిసిపోవాలి. దీన్ని ఎవరూ పాటించరు, అందరూ పాటించాలి.

నాలుగో మెట్టు: వేలు పెట్టి నడవడం

సాఫ్ట్‌వేర్ జోలికి పోకముందే చేయాల్సిన పని ఇది. ఒక విలువ తీసుకుని, "మొదలు" మీద వేలు పెట్టి, డబ్బా డబ్బాకీ ఏం మారిందో పక్కన రాసుకుంటూ నడవండి. లాగిన్‌కి కనీసం మూడు నడకలు: మొదటిసారే సరైన పాస్‌వర్డ్, రెండు తప్పులయ్యాక సరైనది, మూడూ తప్పే. రెండో నడకలో కాగితం మీద "లెక్క: 0, 1, 2, లోపలికి" అని రావాలి. మూడో దాంట్లో "0, 1, 2, 3, లాక్". వేరే ఏది వచ్చినా బాణాల్లో తప్పుంది.

విలువలు ఎంచుకోవడంలో బద్ధకించకండి. లీపు చార్ట్‌ని 2024తో పరీక్షించి సరిపోయిందనుకుంటే ఏమీ పరీక్షించనట్టే. పైన చెప్పిన తప్పు చార్ట్‌లో కూడా 2024 లీపు అనే వస్తుంది. 2000 వేసినా లీపు అనే వస్తుంది, అదీ నిజమే. 2023 మామూలు అని వస్తుంది. ఆ చార్ట్‌ని పట్టించేది 1900. అది లీపు కాదు, తప్పు చార్ట్ లీపు అంటుంది. కాబట్టి ఒక్కో ముగింపుకీ చేరేలా కనీసం ఒక విలువ, ఒక్కో బాణం మీదుగా కనీసం ఒక నడక ఉండాలి. నడిచిన బాణం మీద పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టండి. ఆఖరున టిక్కు లేని బాణం మిగిలితే, దాని మీద నడిచే విలువ కోసం వెతకండి. అలాంటి విలువే లేదని తేలితే ఆ దారి అనవసరం, చెరిపేయండి.

హద్దుల దగ్గర తప్పకుండా నడవండి. 18 అన్న చార్ట్ అయితే 17, 18, 19. ఖాళీ పాస్‌వర్డ్ కొడితే? అసలేమీ రాయని ఫారం వస్తే? అలాంటివి వచ్చినప్పుడు చార్ట్ నోరు తెరిచి నిలబడితే అక్కడ ఇంకో డైమండ్ కావాలి.

తర్వాత ఆ పని గురించి తెలియని మనిషి చేతికి కాగితం ఇచ్చి నడవమనండి. మీరు మాట్లాడకూడదు. ఇది చాలా కష్టం, "ఆ, అంటే అక్కడ ఏంటంటే..." అని నోరు జారుతుంది. జారనివ్వకండి. ఆ మనిషి వేలు ఎక్కడ ఆగిందో అక్కడ చుక్క పెట్టుకోండి. చుక్క పెట్టినచోట మాట మార్చాలి, వివరణ రాయడం కాదు. డబ్బాల పక్కన చిన్న అక్షరాల్లో నోట్లు మొదలయ్యాయంటే ఆ డబ్బాలు సరిగ్గా లేవని అర్థం.

ఐదో మెట్టు: గీతలు సర్దడం

గీతలు నిలువుగానో అడ్డంగానో ఉండాలి. ఏటవాలువి, వంకరవి వద్దు. ఒకదాన్నొకటి దాటే గీతలుంటే డబ్బాలు అటూ ఇటూ జరిపి చూడండి, చాలావరకు విడిపోతాయి. అప్పటికీ విడిపోకపోతే చిన్న వృత్తంలో "క" అని రాసి గీతను అక్కడ ఆపి, ఇంకోచోట అదే "క" వృత్తం నుంచి మొదలుపెట్టండి. ఒక పేజీలో ఇలాంటివి రెండు దాటాయంటే చార్ట్‌నే రెండుగా విడదీయాల్సిన సమయం వచ్చింది.

పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి పోయే గీతలకు బాణం మొన పెట్టకపోయినా ఫర్వాలేదని ప్రమాణాలు ఒప్పుకుంటాయి. నేను ఒప్పుకోను. ప్రతి గీతకీ మొన పెట్టండి.

ఆరో మెట్టు: సాఫ్ట్‌వేర్‌లోకి

డ్రా.ఐఓ, విజియో, లిబ్రేఆఫీస్ డ్రా, ఏదైనా సరే. గ్రిడ్‌కి అతుక్కునే సెట్టింగ్ ఆన్ చేయండి. అన్ని దీర్ఘచతురస్రాలూ ఒకే వెడల్పు ఉండాలి. మామూలు గీత వాడకుండా కనెక్టర్ వాడండి, డబ్బా జరిపితే బాణం కూడా వెంటే వస్తుంది. మామూలు గీతలతో గీసి, ఒక డబ్బా జరిపి, పదిహేను గీతలు మళ్లీ సర్దుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. మెర్మెయిడ్ లాంటివాటిలో బొమ్మ గీయకుండా అక్షరాల్లో రాస్తే అదే చార్ట్ తయారుచేసి పెడుతుంది. తొందర్లో పనికొస్తుంది గానీ, ఏ డబ్బా ఎక్కడుండాలో అదే తేల్చుకుంటుంది. "కాదు" దారులు కుడికి, వెనక్కి బాణాలు ఎడమకి అన్న మన ఏర్పాటు అక్కడ సాగదు. అందుకే నేను వాడను.

తెలుగులో రాసేటప్పుడు ఒక జాగ్రత్త. మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి డబ్బా ఎత్తు కాస్త ఎక్కువ పెట్టాలి. డైమండ్‌లో అయితే చోటు మరీ తక్కువ, "స్త్ర" లాంటిది మొన దగ్గరికి వచ్చిందంటే గీతకు తగిలేస్తుంది. అక్షరాలు చిన్నవి చేసే బదులు డైమండ్‌ని వెడల్పుగా లాగండి. బోల్డ్ పెడితే ఒత్తులు అలుక్కుపోతాయి, వద్దు.

రంగులు పెట్టి తీరాలనుకుంటే ముగింపులకు మాత్రం పెట్టండి. నలుపు తెలుపులో ప్రింట్ తీసినా అర్థం చెడకూడదు. పేజీ మీద చార్ట్ పేరు, తేదీ రాయండి. పంపించేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపండి, ఇంకో కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోయినా అక్షరాలు చెదరవు. స్క్రీన్‌షాట్ పంపకండి, పెద్దది చేసి చూస్తే బాణాల మీది మాటలు మసకబారతాయి. మార్చడానికి వీలుండే అసలు ఫైల్ కూడా దాచుకోండి. మూడు అవకాశాలు కాస్తా రేపు ఐదవుతాయి, అసలు ఫైల్ లేకపోతే అప్పుడు పీడీఎఫ్ ఎదురుగా పెట్టుకుని మొదటి నుంచి గీయాల్సి వస్తుంది.